అడగకుండా తీసిన ఫోటో

జిగణిలో ఒక కంపెనీ స్టోర్స్ చూసుకునే మంజునాథ్‌కి ఆ ఫోటో మధ్యాహ్నం భోజనాల దగ్గర కనబడింది. చూపించినవాడు పక్క సెక్షన్‌లో పనిచేసే అశోక్‌కుమార్. చూపించే ముందు అతను అటూ ఇటూ చూశాడు. ఆ చూడటమే మంజునాథ్‌కి నచ్చలేదు.

"మంజణ్ణా, ఇది మా వదిన కదా?" అంటూ అశోక్‌కుమార్ ఫోను బల్ల మీదుగా ఇటు జరిపాడు.

ఫోటోలో చిక్కపేట సందు. వెనక దండేల మీద వేలాడే చీరలు, సగం మాత్రమే కనబడే తోపుడుబండి. నడుమ ఇద్దరు మనుషులు. యాభై దాటిన ఒక బక్కపలచని మనిషి ముఖం పైకెత్తి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒక చేత్తో అతని గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో చీర కొంగు అతని కంటి దగ్గర పెట్టి మంజునాథ్ భార్య లక్ష్మీదేవి నిలబడి ఉంది. పసిబిడ్డతో మాట్లాడేటప్పుడు పెడతారే, అలా పెదవులు కొంచెం ముందుకు పెట్టి ఉంది. ఎర్ర అంచు ఆకుపచ్చ చీర. కింద ఎవరో ఇంగ్లీషులో రాశారు, ప్రేమకు వయసుతో పని లేదని. దాని కింద వేలకు వేలు ఎర్ర గుండెలు.

"ఆ మాదిరి చీరలు ఊర్లో లెక్కలేనన్ని ఉండాయి" అన్నాడు మంజునాథ్, అన్నం కలపడం ఆపకుండా.

"అదే నేనూ అనుకుంటి" అని అశోక్‌కుమార్ ఫోను తీసేసుకున్నాడు. తీసుకుంటూ నవ్వు మింగినట్టు అనిపించింది. నిజంగా మింగాడో లేదో తెలియదు. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో ఎవరు నవ్వినా మంజునాథ్‌కి తన గురించేనని తోచేది.

బొమ్మనహళ్ళిలో వాళ్ళ ఇల్లు. తాతలనాడే ఈ కన్నడ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. కూతురు సౌమ్య పెళ్ళి చేసుకుని మైసూరులో ఉంది. ఇంట్లో మిగిలింది ఇద్దరే. లక్ష్మీదేవి చీర కొంగులకు కుచ్చులు కడుతుంది. చుట్టుపక్కల నాలుగు వీధుల ఆడవాళ్ళు పెళ్ళికో పేరంటానికో చీర కొనగానే ఆమె దగ్గరికే తెచ్చి ఇస్తారు. దారానికి ఆమె చిక్కపేట వెళ్ళాలి. వారానికో పది రోజులకో వెళ్ళి వస్తుంది. అది మంజునాథ్‌కి తెలిసిన సంగతే, ఇన్నేళ్ళలో దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించి ఎరగడు.

ఇప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాడు. దారం కొనడానికి ఆ ఆకుపచ్చ చీర ఎందుకు? అది సౌమ్య సీమంతానికి కొన్నది. ఫోను బల్ల మీద బోర్లా ఎందుకు పెడుతుంది? వంటింట్లో కూనిరాగం తీస్తుంది, ఇదివరకు తీసేదా? తీసేదేమో. తాను ఎప్పుడు విన్నాడు గనక.

బాత్రూంలో గడియపెట్టుకుని ఆ ఫోటో తన ఫోనులో వెతికి పట్టుకున్నాడు. తీసింది పల్లవి అనే అమ్మాయి. ఆమె పేజీ నిండా ఇలాంటివే. నిద్రపోయే హమాలీలు, బస్సు కిటికీలోంచి చూసే ముసలమ్మలు, పూలు కట్టే చేతులు. ఒక్కరైనా కెమెరా వైపు చూడటం లేదు. లక్ష్మీదేవి ఫోటో కింద జనం రాసిన మాటలు చదివాడు. మా అమ్మా నాన్నా ఇలాగే ఉంటారని ఒకరు. పాపం ఆయనకు చూపు పోయినట్టుంది, ఆమే ఆయన కళ్ళు అని ఇంకొకరు. ఈ దంపతులకు దిష్టి తగలకూడదని మరొకరు. ఊరూ పేరూ తెలియని మనుషులందరూ కలిసి తన పెళ్ళానికి ఎవడో ఒకడితో సంసారం కట్టబెట్టారు. పైగా ఆశీర్వదిస్తున్నారు.

ఆ మనిషి ముఖాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఎంత పెద్దది చేసినా మసకే అయింది గాని తెలిసిన ముఖం కాలేదు.

ఆమెను అడగొచ్చు. అడగడానికి నోటిదాకా మాట వచ్చేది. అడిగితే అబద్ధం చెబుతుందేమోనని ఒక భయం. నిజం చెబుతుందేమోనని ఇంకో భయం. రెండింటి మధ్య చారు పోసుకుని తిని లేచేవాడు.

పల్లవి పేజీలోనే ఒక ప్రకటన ఉంది. ఆదివారం పొద్దున్నే చిక్కపేట మెట్రో దగ్గర కలుసుకుని, ఫోటోల మీద ఇష్టమున్నవాళ్ళందరూ సందులన్నీ తిరుగుతారట. ఎవరైనా రావచ్చట. స్నేహితుడి ఇంట్లో పూజ ఉందని చెప్పి మంజునాథ్ వెళ్ళాడు. మెడల్లో కెమెరాలు వేసుకున్న పిల్లలు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళ మధ్య పొట్టి జుట్టుతో, మాసిన బూట్లతో ఉన్న అమ్మాయిని పేజీలోని బొమ్మను బట్టి గుర్తుపట్టాడు. కొంతసేపు వాళ్ళ వెనకే నడిచాడు. ఆమె మనుషులను చూసే తీరు అతనికి వింతగా ఉంది. ముందు గోడను చూసినట్టు చూసేది, మెల్లగా కెమెరా నడుము దగ్గరే ఉంచి నొక్కేది, ఏమీ జరగనట్టు ముందుకు నడిచేది. దుకాణంలో వస్తువు జేబులో వేసుకునేవాళ్ళు ఇలాగే నడుస్తారని అతను అనుకున్నాడు.

టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు దగ్గరికి వెళ్ళి ఫోను చూపించాడు. "ఇది నువ్వు తీసిందేనామ్మా?"

తెలుగు వినగానే ఆమె ముఖం విప్పారింది. "అవునంకుల్. మీరు తెలుగువాళ్ళా? మాది నెల్లూరు. నచ్చిందా?"

"బాగుండాది. ఆ రోజు తీసినవి ఇంకా ఉండాయా? దీనికి ముందువి, వెనకవి?"

"ఉన్నాయి. ఎందుకంకుల్?"

"సుమ్మనే, ఊరికే. చూసేదానికి."

పల్లవి టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె కళ్ళు అతని చొక్కా మీదికి, చేతుల మీదికి, మళ్ళీ ముఖం మీదికి వెళ్ళాయి. ఇప్పుడు గోడను చూసినట్టు చూడటం లేదు. "ఆమె మీకు ఏమవుతారు?"

"తెలిసినామె."

"తెలిసినామె అంటే?"

మంజునాథ్ తల దించుకున్నాడు. "నా పెండ్లాము."

ఆమె అర అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న అబ్బాయికి కళ్ళతో ఏదో చెప్పింది, అతను దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. "సారీ అంకుల్, చూపించలేను. ఆంటీని తీసుకురండి. ఆమె చూస్తానంటే ఆమెకి చూపిస్తాను."

"నాకు చూపించకూడదా?"

"అది ఆమె ప్రైవసీ కదా."

మంజునాథ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఊరంతా చూసినారు. మా కంపెనీలో అన్నం తింటా చూసినారు. అప్పుడు లేని ప్రైవసీ నా దగ్గరికి వచ్చేసరికి వచ్చిందా తల్లీ?"

"అది పబ్లిక్ ప్లేస్ అంకుల్. వీధిలో తీయొచ్చు. లీగల్‌గా తప్పేం లేదు."

"అట్లయితే తక్కినవీ ఆ వీధిలో తీసినవే కదా. అవీ పబ్లిక్కే కదా."

పల్లవి చెవులు ఎర్రబడ్డాయి. కానీ కెమెరా పట్టీని చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "మీరు ఇంటికి వెళ్ళి ఆమెను ఏం చేస్తారో నాకు తెలీదు. అందుకే చూపించను" అంది మెల్లగా.

అంత మాట తనను ఎవరూ అనలేదు. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో అతను చెయ్యి ఎత్తి ఎరగడు. ఆ సంగతి ఈ పిల్లకు ఎలా చెప్పడం, చెప్పినా ఎందుకు నమ్మాలి. అయినా తిరిగి వెళ్తుంటే అతన్ని పొడిచింది ఆ మాట కాదు. మిగతా ఫోటోల్లో ఏదో ఉంది కాబట్టే దాస్తోంది అన్న ఆలోచన.

తర్వాతి గురువారం పొద్దున లక్ష్మీదేవి అంది, "దారం అయిపోయింది. ఈ పొద్దు పోయొస్తా." మంజునాథ్ ఊ అని క్యారేజీ తీసుకుని కంపెనీ బస్సు ఆగేచోటికి నడిచాడు. బస్సు వచ్చింది, వెళ్ళింది. అతను ఎక్కలేదు. కడుపునొప్పి అని ఫోను చేసి, మెట్రో స్టేషను మెట్ల పక్కన నిలబడ్డాడు.

లక్ష్మీదేవి ముదురు నీలం చీరలో వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. ఆమె ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కింది, అతను దాని వెనక పెట్టెలో. తలల మధ్య నుంచి ఆమె జడ కనబడుతూ, మాయమవుతూ ఉంది. తన ఇంట్లో మనిషినే ఇంతదూరం నుంచి చూడటం అతనికి ఎప్పుడూ జరగలేదు. ఎవరో ముసలమ్మకు ఆమె లేచి చోటిచ్చింది. ఫోను తీసి చూసి, ఏదో చదువుకుని చిన్నగా నవ్వింది. ఎవరు పంపారు?

చిక్కపేటలో ఆమె వేగంగా నడిచింది. బండ్లవాళ్ళు అరుస్తుంటే అలవాటుగా పక్కకు తప్పుకుంటూ, ఒక్కచోట కూడా దారి వెతుక్కోకుండా. అతను ఒక బెడ్‌షీట్ల దుకాణం ముందు వేలాడే దుప్పట్ల చాటున నిలబడి ఫోను తీశాడు. సాక్ష్యం ఉండాలి అనుకున్నాడు. దారాల కొట్టులో ఆమె ఒక నారింజ రంగు ఉండ తీసి వెలుతురుకు పట్టి చూసింది. నొక్కాడు. కొట్టువాడు ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. నొక్కాడు. చిల్లర ఇస్తుంటే కొట్టువాడి వేళ్ళు ఆమె అరచేతికి తగిలాయి. నొక్కాడు. కంటికి మామూలుగా కనబడినదే ఫోనులో ఆగిపోగానే మరోలా ఉంది. ఆ నవ్వు మరీ ఎక్కువగా ఉంది. ఆ చెయ్యి మరీ ఎక్కువసేపు ఉంది. ఆమె బయటికొచ్చి మలుపు తిరుగుతుంటే వెనక నుంచి ఇంకో నాలుగు తీశాడు.

"సార్, ఎవరిని తీస్తా ఉండారు?"

వెనక్కి తిరిగాడు. లేసులు, బొత్తాలు అమ్మే కొట్టులోంచి వచ్చిన ఒక ముప్పై ఏళ్ళ ఆవిడ. నల్ల బురఖా, ముఖం మీద ముసుగు లేదు, చేతిలో కొలత కర్ర.

"సుమ్మనే... సందును."

"సందునా? చాలాసేపటి నుంచి చూస్తా ఉండాను. ఆమె ఎటు పోతే అటు మీ ఫోను పోతా ఉండాది. ఏదీ, చూపించండి."

ఆమె గొంతు పెద్దది కాదు, అయినా పక్క కొట్టువాడు లేచాడు. "ఏమైంది సమీనా?" అని ఇంకొకడు వచ్చాడు. బండి లాగేవాడు బండి ఆపి వచ్చాడు. మంజునాథ్ నడవబోతే ఎవరో భుజం పట్టుకున్నారు. ఎవరో ఫోను లాక్కున్నారు. తెరిచే ఉంది కాబట్టి వేలితో తోశారు. నీలం చీర, నీలం చీర, జడ, వీపు, నడుము, నీలం చీర.

"ఒకే ఆడమనిషిని. అంతా వెనక నుంచే" అన్నాడొకడు కన్నడంలో. చెంప మీద దెబ్బ పడింది. కొట్టిందెవరో అతనికి కనబడలేదు. ఆమె నా భార్య అని అరవాలని నోరు తెరిచాడు. భార్యను దొంగచాటుగా తీస్తున్నానని ఈ జనానికి చెప్పడం దెబ్బ తినడం కన్నా కష్టమనిపించి మళ్ళీ మూశాడు. పోలీసులను పిలవమని ఎవరో అంటున్నారు.

గలాటా విని లక్ష్మీదేవి మలుపు దగ్గర నుంచి తిరిగి వచ్చింది. సమీనా ఆమెను చూడగానే చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది. "అక్కా, ఈయన మీకు తెలుసా? మీ వెనకాలే తిరుగుతా మీ ఫోటోలు తీస్తా ఉండాడు."

లక్ష్మీదేవి భర్తను చూసింది. కంపెనీ చొక్కా, చంకలో క్యారేజీ, ఎర్రగా కందిన చెంప. తర్వాత ఫోను అడిగి తీసుకుంది. తొందరపడకుండా, ఒక్కొక్కటిగా అన్నీ చూసింది. జనం అందరూ ఆమె ముఖాన్నే చూస్తున్నారు. తెలియదని అంటుందేమోనని మంజునాథ్‌కి అనిపించింది. ఆమెకూ ఆ క్షణం అదే అనాలనిపించిందని తర్వాత ఎప్పుడో చెప్పింది.

"తెలుసు. మా ఇంటాయన" అంది.

భుజం పట్టుకున్నవాడు చెయ్యి తీసేశాడు. సమీనా ఒక్కతే కదల్లేదు. "ఇంటాయనైతే చాటున నిలబడి తీసేదెందుకు అక్కా? మీకు ఏమన్నా భయముంటే ఇక్కడే చెప్పండి" అంది.

"భయమేం లేదమ్మా" అంది లక్ష్మీదేవి. ఫోను తన సంచిలో వేసుకుని నడిచింది. మంజునాథ్ ఆమె వెనక నడిచాడు. మెట్రో దారిలో ఒక చిన్న హోటల్ కనబడితే ఆమె లోపలికి వెళ్ళి కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. కాఫీ వచ్చింది, ఇద్దరూ ముట్టలేదు.

"చెప్పండి" అంది.

అతను ఆమె సంచిలో ఉన్న తన ఫోను అడిగి తీసుకుని, పల్లవి ఫోటో తెరిచి ఆమె ముందు పెట్టాడు.

లక్ష్మీదేవి దాన్ని చూసి మొదట ఆశ్చర్యపోయింది. తన ముఖం తాను అలా ఎప్పుడూ చూడలేదు. తర్వాత అర్థమైంది. "దీనికేనా?"

"ఎవరు అతను?"

"నాకేం తెలుసు? పైన ఎవరో గోడ గీకుతా ఉన్నారు. సున్నం పెళ్ళ వచ్చి ఆ మనిషి కంట్లో పడింది. నడిసందులో నిలబడి కండ్లు నలుపుకుంటా ఉంటే బండి వచ్చి గుద్దేటట్టు ఉండింది. నలపొద్దయ్యా అని చెప్పి సెరుగుతో తీస్తిని. ఊరు ఏదని కూడా అడగలేదు." ఆగింది. "ఇంటికొచ్చి ఆ రాత్రే మీకు చెప్తిని కదా. సున్నం, బండి, అంతా చెప్తిని. ఊ అంటిరి."

మంజునాథ్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఊ అన్నాడేమో. రోజూ ఊ అంటూనే ఉంటాడు. ఏ రాత్రి ఏ మాటకు అన్నాడో అతనికి తెలియలేదు.

"మరి ఆ పచ్చ చీర?"

"ఆ పొద్దు చిక్కపేటకు ముందు గుడికి పోతిని. సౌమ్య పుట్టినరోజు. అదీ గుర్తులేదు." ఆమె గొంతు తగ్గింది. "ఎన్నాళ్ళ నుంచి ఉండాది ఇది నీ కడుపులో?"

నీ అంది. పెళ్ళైనప్పటి నుంచి అతన్ని మీరు అనే పిలిచిన మనిషి.

"రెండు వారాలు."

"రెండు వారాలు నా చేతి కూడు తింటా, నా పక్కన పడుకుంటా, నన్ను దొంగను చూసినట్టు చూస్తా ఉండావు. ఆ పాప ఎవరో, నన్ను ఎరగదు. అడక్కుండా ఒకటి తీసింది. నువ్వు నన్ను ఎరిగీ ఇన్ని తీస్తివి. దారం కొంటా ఉంటే తీస్తివి." ఫోనులో తన వీపు ఫోటోలన్నీ ఒక్కొక్కటే తీసేసి అతని ముందు పెట్టింది. అతను తప్పయిందన్నాడు. ఆమె వినిపించుకున్నట్టు లేదు.

ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు. అడిగితే జవాబు, అంతే. శనివారం రాత్రి లక్ష్మీదేవే అంది, "ఆ పాపను చూడాల. రేపు పోదాం."

ఈసారి చిక్కపేట మెట్రో దగ్గర వాళ్ళిద్దరూ కలిసి రావడం చూడగానే పల్లవి గుంపును వదిలి తానే ఎదురొచ్చింది. లక్ష్మీదేవి ముఖం, మెడ, చేతులు వరసగా చూసింది. ఏం వెతుకుతోందో మంజునాథ్‌కి అర్థమై ఒళ్ళు మండింది. ఆ వెతకడంలో తప్పేముందని వెంటనే అనిపించింది కూడా. తన చెంప మీద కమిలిన గీత ఇంకా పోలేదు. పల్లవి దాన్నీ చూసింది, అడగలేదు.

"ఆంటీ, ఇంట్లో అంతా బానే ఉంది కదా?" అంది, అతనికి వినబడకూడదని గొంతు తగ్గించి. వినబడింది.

"బాగా లేదు. నువ్వు అనుకునే మాదిరి కాదులే" అంది లక్ష్మీదేవి. "నన్ను ఒక మాట అడిగుంటే నీకేం పోయేదమ్మా?"

"అడిగితే ఆ ముఖం ఉండదాంటీ. అందరూ సర్దుకుంటారు, నవ్వుతారు."

"సర్దుకోకూడదా? తీసినంక అడిగుంటివా, పోనీ. ఆ మనిషి కంట్లో సున్నం పడిందని చెప్పేదాన్ని. నువ్వు ప్రేమ అని రాసినావు."

పల్లవి తన బూట్ల వైపు చూసింది. "నాకలా కనబడింది" అంది. అది అబద్ధం కాదని మంజునాథ్‌కి తెలిసింది. తనకూ అలాగే కనబడింది మరి.

పల్లవి తన సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి మెట్రో మెట్ల మీద కూర్చుంది. లక్ష్మీదేవి పక్కన కూర్చుని, భర్త వైపు తిరిగి, "మీరు అక్కడ ఉండండి" అంది. మళ్ళీ మీరు వచ్చింది, ఆప్యాయత రాలేదు. అతను దూరంగా ఒక మూసిన కొట్టు ముందు నిలబడ్డాడు. ఇద్దరు ఆడవాళ్ళు తెర మీదికి వంగారు. ఒకచోట లక్ష్మీదేవి నవ్వింది. ఇంకోచోట తల దగ్గరగా పెట్టి చూసి, ఏదో అడిగింది. పల్లవి చెప్పింది. ఏం అడిగింది? ఎందుకు నవ్వింది? సంగతంతా తెలిశాక కూడా తన లోపల ఆ ప్రశ్న లేచి నిలబడటం చూసి మంజునాథ్‌కి భయం వేసింది.

పల్లవి అక్కడికక్కడే ఆ ఫోటోను పేజీలోంచి తీసేసింది. ఇప్పటికే వేరేవాళ్ళు తీసుకుని పెట్టుకున్నారని, అవి తన చేతిలో లేవని కూడా దాచకుండా చెప్పింది. "మిగతావి అంకుల్‌కి చూపించమంటారా?" అని అడిగింది.

లక్ష్మీదేవి కాస్త ఆలోచించింది. "ఆయన అడిగితే చూపించు."

ఇద్దరూ అతని వైపు చూశారు. నాలుగడుగులు వేస్తే చాలు. "వద్దులేమ్మా" అన్నాడు మంజునాథ్. చూడాలని లేక అనలేదు. ఆ సంగతి లక్ష్మీదేవికీ తెలిసినట్టే ఉంది. ఆమె మెట్ల మీద నుంచి లేచి, కుచ్చిళ్ళు దులుపుకుని, దారాల కొట్టు ఉన్న సందు వైపు నడిచింది. రమ్మనలేదు, వద్దనలేదు. అతను వెళ్ళి ఆమె చేతిలో సంచి అందుకున్నాడు. ఆమె ఇచ్చింది.

సందులో రద్దీ పెరుగుతోంది. జాకెట్టు గుడ్డల కొట్టు ముందు ఒక కుర్రవాడు ఫోను ఎత్తి వాళ్ళ వైపే పట్టి నిలబడ్డాడు. మంజునాథ్ చటుక్కున అడ్డం వెళ్ళి, లక్ష్మీదేవిని వెనక్కి నెట్టి, చెయ్యి చాచి, "ఏయ్, ఎవరిని తీస్తా ఉండావు?" అన్నాడు.

కుర్రవాడు బిత్తరపోయాడు. లక్ష్మీదేవి భర్త భుజం పక్క నుంచి తల వంచి చూసింది. వాళ్ళ వెనక స్తంభానికి, కొట్టువాడికి ఫోనుతో డబ్బు కట్టే నలుపు తెలుపు గళ్ళ కాగితం అతికించి ఉంది.

"పక్కకు జరగండి" అంది. "ఆ పిల్లోడు దుడ్లు కట్టుకోవాల."